మందులు, భట్టీ, నాన్‌ఖటాయి: ఈ దీపావళి నాకెలా గడిచిందంటే

నా డిప్రెషన్ జూన్‌లో మొదలైంది, అప్పటికి దాని పేరు తెలియదు. ఎండల వల్ల మా మహారాష్ట్ర విదర్భలో స్కూళ్ళు ఆలస్యంగా, జూన్ నెలాఖరుకు తెరుస్తారు. పుస్తకాలు, యూనిఫాంలు, ఫీజుల హడావిడిలో నిద్ర పట్టట్లేదంటే ఇంట్లో అందరూ అలసట అన్నారు. నేనూ అదే అనుకున్నాను. జూలై వచ్చేసరికి రోజూ తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చేది. గుండె దడ, అరచేతుల్లో చెమట, ఎవరికో ఏదో అయిపోతుందన్న భయం. ఎవరికి, ఏమవుతుంది అంటే చెప్పలేను. ఐదింటికి నల్లా వచ్చేదాకా అలా కళ్ళు తెరుచుకునే పడుకునేదాన్ని.

మాది మంచిర్యాల. పెళ్ళయ్యాక మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లాలోని బల్లార్పూర్ వచ్చాను. మా ఆయనకు బస్టాండు దారిలో ఎలక్ట్రికల్ షాపు ఉంది. అత్తమ్మ, పదో తరగతి చదివే అమ్మాయి, ఆరో తరగతి బాబు. మా గల్లీలో సగం ఇళ్ళు తెలుగువాళ్ళవే, తాతల కాలంలో బొగ్గు గనులకో పేపర్ మిల్లుకో వచ్చి ఇక్కడే ఉండిపోయినవాళ్ళు. దీపావళికి నేను చేసిన నాన్‌ఖటాయి ఫోటో మా అమ్మాయి స్టేటస్‌లో పెడితే, మంచిర్యాల చుట్టాలు ఫోన్ చేసి "ఇంకేం, బాగయిపోయావు కదా" అన్నారు. బిస్కెట్లు చేసి బాగుపడ్డానని వాళ్ళ లెక్క. అలా జరగలేదు. ఎలా జరిగిందో వరసగా రాస్తున్నాను.

ముందు గుండె జబ్బు అనుకున్నాం. ఊళ్ళోనే ఒక క్లినిక్‌లో ఈసీజీ తీశారు. తర్వాత థైరాయిడ్, షుగర్, రక్తం, బీ12, విటమిన్ డీ అన్నీ రాశారు. మొత్తం 3,200 రూపాయలు అయింది. విటమిన్ డీ కొంచెం తక్కువ, మిగతావన్నీ నార్మల్. "ఏం లేదమ్మా, టెన్షన్ తగ్గించుకో" అని పంపేశారు. ఎలా తగ్గించుకోవాలో మాత్రం ఆ చీటీ మీద రాయలేదు. అయితే ఆ పరీక్షలు దండగ అనను. థైరాయిడ్ తేడా ఉన్నా ఇలాంటి లక్షణాలే వస్తాయని, ఆ రిపోర్టు చేతిలో ఉండటం మంచిదైందని తర్వాత మానసిక వైద్యుడు చెప్పారు.

అత్తమ్మ తన ప్రయత్నం తను చేసింది. దిష్టి తీసింది. చంద్రపూర్ మహాకాళి గుడికి తీసుకెళ్ళి కొబ్బరికాయ కొట్టించింది. నేను వద్దనలేదు. గుడిలో కూర్చున్న గంటసేపు బాగానే ఉంది కూడా. ఆ రాత్రి మూడింటికి మళ్ళీ లేచి కూర్చున్నాను.

"నీకేం తక్కువ?" అని అడగనివాళ్ళు లేరు. తక్కువేమీ లేదు. ఏదైనా తక్కువై ఉంటే, అది వస్తే తగ్గిపోతుందని ఆశ అయినా ఉండేది.

ఆగస్టు 9 శనివారం రాఖీ. పుట్టింటికి వెళ్ళాను. తమ్ముడికి రాఖీ కట్టి, హారతి పళ్ళెం వంటింట్లో పెట్టి, అక్కడే గోడకానుకుని కూలబడ్డాను. మా చెల్లె ఆశా కార్యకర్త. వాళ్ళకు మీటింగుల్లో చెప్తారట, 14416 నంబరు గురించి. టెలీ మానస్ అంటారు, మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, 2022 అక్టోబర్‌లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది. డబ్బులు పడవు, రాత్రీ పగలూ ఎప్పుడైనా చేయొచ్చు. చెల్లె తన ఫోన్ నుంచి చేసి నా చేతికిచ్చి తలుపు దగ్గరికి వేసి బయట కూర్చుంది. కాసేపు ఆగాల్సి వచ్చింది, తర్వాత ఒకామె తెలుగులో మాట్లాడింది. ఎన్నాళ్ళ నుంచి, నిద్ర ఎంత, ఆకలి ఉందా, పిల్లల మీద విసుక్కుంటున్నారా. అలా అడుగుతూ అడుగుతూ, అదే గొంతుతో, "చనిపోవాలని అనిపిస్తోందా?" అంది. నాకు భయం వేయలేదు, హాయిగా అనిపించింది. ఆ మాట నా ముందు ఎవరైనా అనడం అదే మొదటిసారి. పొద్దున లేవకపోతే బాగుండు అనిపిస్తుంది, అంతకు మించి ఏమీ లేదు అని చెప్పాను. ఆలస్యం చేయకుండా మానసిక వైద్యుడికి చూపించుకోమని, ఆ ఆలోచన ఎక్కువైతే ఏ టైమైనా మళ్ళీ ఫోన్ చేయమని చెప్పింది.

చంద్రపూర్‌లో ఒక ప్రైవేటు డాక్టర్ దగ్గర ఆగస్టు 25 సోమవారానికి అపాయింట్‌మెంట్ దొరికింది. అంటే రెండు వారాలు పైనే ఆగాం. ఎద్దుల పండుగ పొలా మధ్యలో వచ్చింది. బాబు తాన్హా పొలాకి, అంటే పిల్లల పొలాకి, చెక్క ఎద్దును అలంకరించమని అడిగితే ఆ పని మా ఆయనే చేశాడు, నాకు రంగు కాగితాలు చూస్తేనే చిరాకు. బల్లార్పూర్ నుంచి చంద్రపూర్‌కి ఎస్టీ (మహారాష్ట్ర ప్రభుత్వ) బస్సులో ఆడవాళ్ళకు సగం టికెట్టే కాబట్టి ప్రయాణానికి పెద్ద ఖర్చు లేదు. క్లినిక్‌లో పదకొండింటికి రమ్మన్నారు, లోపలికి పిలిచేసరికి దాదాపు రెండైంది. తినడానికి ఏదైనా పట్టుకెళ్ళండి.

ఒక మాట ముఖ్యంగా చెప్పాలి. నాకు మరాఠీ వచ్చు. కూరగాయలు బేరమాడేంత, స్కూల్లో టీచరమ్మతో మాట్లాడేంత వచ్చు. లోపల ఏమవుతుందో చెప్పేంత రాదు. అందుకని ముందు రోజు రాత్రి తెలుగులో ఒక కాగితం మీద రాసుకున్నాను. మా ఆయన పక్కన కూర్చుని ఒక్కో వాక్యం మరాఠీలో చెప్పాడు. నిద్ర, దడ, ఆకలి అన్నీ చెప్పాడు. పొద్దున లేవకపోతే బాగుండు అన్న వాక్యం దగ్గర ఆగి, దాన్ని దాటేసి కింది వాక్యం చదివాడు. ఆయన తప్పు అనను, ఆయన నోట్లో నుంచి ఆ మాట రాలేదు. నేనే విరిగిన హిందీలో చెప్పాను. డాక్టర్ పెన్ను పక్కన పెట్టి అప్పుడు నాతో నేరుగా మాట్లాడటం మొదలుపెట్టారు. భార్యాభర్తలు కలిసి వెళ్తే మంచిదే, కానీ కాసేపు ఒక్కరే మాట్లాడే అవకాశం అడగండి.

డిప్రెషన్, దాంతో పాటు పానిక్ అని చెప్పారు. ఫీజు 700, తర్వాత వెళ్ళినప్పుడల్లా 400, మందులు నెలకు 400 దాకా. ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక విభాగం ఉంటుందని, అక్కడ మందులు ఉచితంగా ఇస్తారని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. మందు పేరు రాయట్లేదు, నాకు ఇచ్చినది చూసి ఇంకొకరు షాపులో అడక్కూడదు. పొద్దున తిన్నాక ఒకటి, రాత్రి నిద్రకు అర మాత్ర కొద్ది కాలానికి. పొద్దున మాత్ర పని చేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుందని, మొదట్లో వికారం, కంగారు కాస్త పెరగొచ్చని, ఎవరు చెప్పినా సొంతంగా ఆపొద్దని చెప్పారు. మాత్రల డబ్బా మా ఆయన దగ్గర ఉంచమన్నారు. ఎందుకో నాకూ తెలుసు, ఆయనకూ తెలుసు. ఇంటికొచ్చేదాకా ఆ సంగతి ఎవరమూ ఎత్తలేదు.

ముందే చెప్పినా మొదటి వారం ఘోరంగా గడిచింది. 27న వినాయక చవితి. అత్తమ్మ మోదకాల మీద నెయ్యి వేస్తుంటే ఆ వాసనకు సింకు దగ్గరికి పరుగెత్తాను. ఇల్లంతా నెయ్యి వాసన, నాకు నోరంతా ఎండిపోయి చేదు. "మందులు పడట్లేదేమో, ఆపెయ్" అని ఆడబిడ్డ ఫోన్‌లో అంది. చెల్లె మాత్రం రోజూ సాయంత్రం ఫోన్ చేసి "వేసుకున్నవా?" అని ఒక్క ముక్క అడిగి పెట్టేసేది. సలహాలు ఇవ్వలేదు. ఆ ఫోన్ వల్లే గట్టెక్కాను అనిపిస్తుంది.

సెప్టెంబర్ 8న మళ్ళీ వెళ్తే మోతాదు పెంచారు. ఆ నెల మూడో వారంలో ఒక మధ్యాహ్నం పప్పులో ఉప్పు తక్కువైందని నాకు తెలిసింది. అంత చిన్న విషయం. కానీ అంతకుముందు రెండు నెలలు ముద్ద మింగడమే తప్ప రుచి ఏమిటో పట్టించుకున్నది లేదు. మూడింటి మెలకువ నాలుగున్నరకు జరిగింది. సద్దుల బతుకమ్మ రోజు మా తెలుగు ఆడవాళ్ళంతా మైదానంలో కూడితే నేనూ వెళ్ళాను. బతుకమ్మ పేర్చలేదు, అమ్మాయి పేర్చింది. ఒక చుట్టు తిరిగి పక్కకు వచ్చి చెప్పుల దగ్గర కూర్చున్నాను. ఎవరూ బలవంతం చేయలేదు.

అక్టోబర్ 6న డాక్టర్ "దీపావళికి ఏం చేస్తున్నారు?" అని మామూలుగా అడిగారు. నాకు ఏడుపు వచ్చింది. మా గల్లీలో దీపావళి అంటే ఫరాళ్. చివడా, చకలీ, శంకర్‌పాళీ, గరిజెలు, బేసన్ లడ్డూ, నాన్‌ఖటాయి. అన్నీ చేసి, పళ్ళెంలో సర్ది, పైన రుమాలు కప్పి ఇంటింటికీ పంపాలి. వాళ్ళ పళ్ళేలు మనకొస్తాయి. మరాఠీవాళ్ళు, తెలుగువాళ్ళు తేడా లేదు. నేను చేయకపోతే వచ్చిన పళ్ళేలు ఖాళీగా తిరిగి పంపాలి, అది మా దగ్గర కుదరదు. డాక్టర్ విని, "ఒక్కటి చేయండి, మిగతావి కొనండి" అన్నారు. అంతే.

ఏది చేయాలి అన్నదే నాకు రెండు రోజులు పట్టింది. ఈ జబ్బులో నాకు తెలిసొచ్చింది ఇదే: పని చేయడం కన్నా తేల్చుకోవడం కష్టం. గిన్నెలు తోమమంటే తోముతాను. ఈ పూట ఏం కూర అంటే చేతులు కాళ్ళు ఆడవు. డాక్టర్‌తో చెప్తే అది కూడా జబ్బు లక్షణమే అన్నారు. బద్ధకం అని ఇన్నాళ్ళూ నన్ను నేను తిట్టుకున్నది దాన్నే. చివరికి మా అమ్మాయే అంది, "మమ్మీ, నాన్‌ఖటాయి చేయి. కాల్చేది బేకరీ భట్టీవాళ్ళు కదా, నువ్వు కలిపి ఇస్తే చాలు." మా ఆయన ఒక అడుగు ముందుకేసి ఓటీజీ (చిన్న కరెంటు ఓవెన్) కొందామన్నాడు, ఆరు వేలలో వస్తుంది, ఇంట్లోనే కూర్చుని కాల్చుకోవచ్చు అని. వద్దన్నాను. ఇంట్లో ఓవెన్ ఉంటే ఎంత వేడి, ఎన్ని నిమిషాలు, ఇది తీయాలా ఇంకో రెండు నిమిషాలు ఉంచాలా, ప్రతి ట్రేకీ నేనే తేల్చాలి. భట్టీలో అవన్నీ అక్కడ కాల్చే చాచా చూసుకుంటాడు.

సామాన్లకు కిరాణా షాపుకి నేనే వెళ్ళాను, 8వ తేదీన. డాల్డా అడిగితే షాపతను రెండు రకాలు కౌంటర్ మీద పెట్టి ఏది కావాలన్నాడు. నాకు నోరు పెగల్లేదు. రెండు ప్యాకెట్ల మీది బొమ్మలు చూస్తూ నిలబడ్డాను. వెనకాల జనం. వట్టి చేతులతో ఇంటికొచ్చేశాను. ఆ సాయంత్రం చెల్లె వీడియో కాల్‌లో లెక్కంతా చెప్పి, ఏ బ్రాండో కూడా చెప్పి, అమ్మాయి చేత రాయించింది. మర్నాడు షాపు మూసి వచ్చేటప్పుడు మా ఆయన ఆ చీటీ ఇచ్చి తెచ్చాడు.

మైదా రెండు కిలోలు, శనగపిండి అర కిలో, బొంబాయి రవ్వ పావు కిలో, నెయ్యి కిలో, డాల్డా కిలో, చక్కెర కిలో ముప్పావు. మా అత్తమ్మ పూర్తిగా నెయ్యితోనే చేయించేది. డాల్డా సగం కలిపితే బిస్కెట్టు కరకరలాడుతుంది, ఖర్చూ కలిసొస్తుంది. ఏలకులు, కొంచెం జాజికాయ. పైన అద్దడానికి సారపప్పు, ఇది మన చంద్రపూర్, గడ్చిరోలి అడవుల సరుకే అయినా ధర చూస్తే అలా అనిపించదు. అన్నీ కలిపి 1,200 దాటింది. సెప్టెంబర్ 22 నుంచి నెయ్యి మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది కదా అంటే, పాత స్టాకు అన్నాడట షాపతను.

భట్టీలో నంబరు ముందే పెట్టుకోవాలి. మేం వెళ్ళేది ఒక పాత బేకరీ వెనకాల ఉన్న ఇటుకల భట్టీ. కట్టెలతో కాలుస్తారు. పగలు పావ్, టోస్టులు అవుతాయి. ఆ తర్వాత నిప్పులు పక్కకు లాగి, వేడి కొంత దిగాక ఇళ్ళవాళ్ళ బిస్కెట్లు పెడతారు. పావ్ కాల్చే వేడిలో నాన్‌ఖటాయి పెడితే పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది. కాబట్టి మన వంతు ఎప్పుడూ రాత్రే. 9వ తేదీ గురువారం మా ఆయన వెళ్తే నోటుబుక్కులో పేరు, కిలోలు రాసుకుని 14 మంగళవారం రాత్రి తొమ్మిదింటికి రమ్మన్నారు. 18న ధన్‌తేరస్. అప్పటి నుంచి వాళ్ళకు సొంత ఆర్డర్లే సరిపోతాయి, బయటి పిండి తీసుకోరు. ఇంకో రెండు రోజులు ఆలస్యమైతే నంబరు దొరికేది కాదు.

తేదీ పడ్డాక ఒక విధంగా నా పని తేలికైంది. ఎప్పుడు అన్నది నా చేతిలో లేదు. మంగళవారం అంటే మంగళవారం. అప్పటికి పరుపు మీద నుంచి లేవబుద్ధి కాకపోయినా లేవాల్సిందే. ఇంట్లో చేసే పనులకు ఈ గుణం లేదు, రేపు చేద్దాం అనుకుంటే రేపటికి జరుగుతాయి.

రాత్రి మాత్ర సంగతి అడగడానికి క్లినిక్‌కి ఫోన్ చేశాను. ఎప్పటిలా తొమ్మిదిన్నరకు వేసుకుంటే భట్టీ దగ్గరే తూగుతాను. ఇంటికి చేరాక వేసుకోమన్నారు, మత్తులో పొయ్యి దగ్గర ఉండొద్దన్నారు. ఇంకొకటి, పక్కన ఉండేవాళ్ళకు ముందే చెప్పి ఉంచమని ఫోన్‌లో టెలీ మానస్ ఆమె చెప్పిన మాట గుర్తుపెట్టుకుని, మా పక్కింటి కాకూకి ముందే చెప్పాను. ఆమె మరాఠీ, మా అత్తమ్మ వయసు, ఏటా మాతో పాటే భట్టీకి వస్తుంది. "కాకూ, నాకు ఒక్కోసారి గుండె దడ వస్తుంది. ప్రాణం పోతున్నట్టు ఉంటుంది కానీ పోదు. కాసేపట్లో దానంతటదే దిగుతుంది. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళక్కర్లేదు, పక్కన ఉంటే చాలు" అని చెప్పాను. ఆమె "సరే" అని మళ్ళీ వేరుశనగలు ఒలుచుకుంది. ఎందుకు, ఎప్పట్నించి అని అడగలేదు.

మంగళవారం మధ్యాహ్నం నెయ్యి, డాల్డా పెద్ద పరాత్‌లో (వెడల్పు పళ్ళెంలో) వేసి అరచేత్తో గిలకొట్టడం మొదలుపెట్టాను. చక్కెర పొడి కొంచెం కొంచెం వేస్తూ, పసుపు రంగు పోయి తెల్లగా ఉబ్బేదాకా గిలకొట్టాలి. గిన్నెడు నీళ్ళలో చిటికెడు వేస్తే తేలాలి, అప్పటికి అయినట్టు. చేతులు పనిలో ఉంటే మనసు తేలిక పడుతుంది అంటారు. నా మట్టుకు నాకు అలా ఏం జరగలేదు. అరగంటసేపూ అవే పాత ఆలోచనలు తిరుగుతూనే ఉన్నాయి. ఒక తేడా మాత్రం ఉంది, నెయ్యి వాసనకు కడుపులో తిప్పలేదు. ఆగస్టులో పరుగెత్తిన ఆ సింకు పక్కనే కూర్చుని కిలో నెయ్యి కలిపాను. మందు పని చేస్తోందనడానికి నాకు అంతకన్నా గట్టి సాక్ష్యం కనిపించలేదు.

పిండి, పెరుగు, సోడా అక్కడికి వెళ్ళాకే కలపాలి. సోడా పడ్డాక ఎక్కువసేపు ఉంచితే పొంగే గుణం పోతుంది. అందుకని పరాత్ మీద గుడ్డ కప్పి, మైదా వేరే డబ్బాలో పోసి, బిస్కెట్లు తెచ్చుకోవడానికి రెండు ఖాళీ నూనె డబ్బాలు శుభ్రంగా తుడిచి, కాకూ, నేను, అమ్మాయి ఆటోలో బయల్దేరాం. మా ఆయన రాడు. దీపావళి ముందు సీరియల్ లైట్లు అమ్ముడయ్యే రోజులు, షాపు పదకొండు దాకా తెరిచి ఉంటుంది.

తొమ్మిది అన్నది పేరుకే. మా ముందు నోటుబుక్కులో ఇంకా చాలా పేర్లున్నాయి. మైదా గోనెల మీద, తిరగేసిన డబ్బాల మీద ఆడవాళ్ళు కూర్చున్నారు. ఒకామె పరాత్‌లో పిండి కలుపుతూ, ఇంకొకామె ఉండలు చేస్తూ. కొందరు పిండిని మిషన్‌లో వేయించి గీతల బిస్కెట్లు దింపించుకుంటున్నారు. చాచా ఎవరి ట్రే వాళ్ళకు చూపించి, పేరు రాసిన చీటీ అంచున పెడతాడు. చీటీ గాలికి ఎగిరితే గోలే. మాటలన్నీ ధరల గురించి, ఎవరి బిస్కెట్లు నిరుడు పగిలాయి, ఎవరివి మాడాయి అన్న దాని గురించి. ఎవరూ నన్ను "ఎలా ఉన్నావు?" అని అడగలేదు. ఆ ప్రశ్న లేని చోట రెండు గంటలు కూర్చుని ఎన్నాళ్ళైందో.

పదకొండు దాటాక వంతు వచ్చింది. నాలుగు ట్రేలు నల్లగా మెరుస్తూ ముందు పెట్టారు. సోడా కలిపాం, ఉండలు చేయడం మొదలుపెట్టాం. నిమ్మకాయంత ఉండ, అరచేతిలో కొంచెం నొక్కి, మధ్యలో వేలితో అద్ది సారపప్పు పెట్టాలి. రెండో ట్రే సగంలో ఉండగా భట్టీ తలుపు తీశారు. వేడి గాలి, పొగ, వెనక ఎవరో అరిచారు తొందరగా అని. అంతే, వచ్చేసింది. చెవుల్లో హోరు, ఛాతీ బిగుసుకుపోయింది, వేళ్ళు తిమ్మిరెక్కాయి. ఇక్కడే పడిపోతాను, అమ్మాయి చూస్తుంది అనిపించింది.

కాకూ నా ముఖం చూసి అమ్మాయితో "నువ్వు చెయ్యి తల్లీ" అని, నన్ను చెయ్యి పట్టుకుని బయటి అరుగు మీదికి తీసుకొచ్చింది. కుండలో నీళ్ళు నా మణికట్ల మీద పోసింది. మాట్లాడలేదు. నేను ఊపిరి మెల్లగా వదలడం మీదే ధ్యాస పెట్టాను. పీల్చడం కన్నా వదలడం పొడుగ్గా ఉండాలి. పది నిమిషాలో పావుగంటో, దిగింది. దిగుతుందని తెలిసినా అది దిగే వరకు నమ్మకం కలగదు. లోపలికి వెళ్ళేసరికి అమ్మాయి రెండో ట్రే, మూడో ట్రే పూర్తి చేసేసింది, ఒక్కో ఉండ ఒక్కో సైజు. అటు తిరిగి కళ్ళు తుడుచుకుంటోంది. పిల్లలకు తెలియకూడదని ఇన్నాళ్ళూ దాచాం కదా, దానికి అన్నీ తెలుసు. నాలుగో ట్రే ఇద్దరం కలిసి చేశాం.

పొడుగాటి చెక్క తెడ్డుతో ట్రేలు లోపలికి తోశారు. ఇరవై నిమిషాలు పట్టింది. చాచా తలుపు సందులోంచి చూస్తాడు, వాసన చూస్తాడు, తీసేస్తాడు. గడియారం చూడగా నేను చూడలేదు. చిన్న ఉండలు ఎర్రబడ్డాయి, పెద్దవి బాగా వచ్చాయి, పైన పగుళ్ళు పడి సారపప్పు కనిపిస్తూ. వేడి మీద డబ్బాలో పోస్తే మెత్తబడిపోతాయి, పూర్తిగా చల్లారేదాకా ఆగాలి. ఈ ఆగడం ఉంటుందని కొత్తవాళ్ళకు తెలియదు, కాల్చడం కన్నా ఇదే ఎక్కువసేపు. పిండి లెక్కన కిలోకు 80 చొప్పున మూడు కిలోలకు కట్టించుకున్నారు, 240. ఆటోలు కలిపి మొత్తం ఖర్చు 1,550 లోపు. ఆరు కిలోల దాకా బిస్కెట్లు వచ్చాయి. మా ఆయన షాపు కట్టేసి వచ్చి డబ్బాలు మోశాడు. ఇల్లు చేరేసరికి ఒంటిగంటన్నర. అర మాత్ర వేసుకుని పడుకుంటే పొద్దున ఏడింటికి అత్తమ్మ లేపింది. నల్లా నీళ్ళు ఆమే పట్టింది.

మిగతా ఫరాళ్ కొన్నాం. చివడా, చకలీ మహిళా బచత్ గట్ (పొదుపు సంఘం) వాళ్ళు చేసి అమ్ముతారు, కిలోల లెక్కన తెచ్చాం. కొన్న చకలీ పంపుతున్నామని అత్తమ్మకు నామోషీ. 20న నరక చతుర్దశి, తెల్లారకముందే నలుగు పెట్టుకుని తలంట్లు. 21న లక్ష్మీపూజ. ఆ రెండు రోజులు పళ్ళేలు తిరిగాయి. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళతో అత్తమ్మ ఒకటే మాట: "పని జేస్తె అన్నీ పోతయని నేను చెప్తనే ఉన్న. చూడుండ్రి, భట్టీకి పోయొచ్చినంక పిల్ల ముఖం ఎట్ల తేటగైందో." ఆమె ప్రేమతోనే అంటుంది. నాకు మాత్రం ఒళ్ళు మండింది. జూలైలో కూడా ఇవే చేతులు, ఇదే పరాత్. అప్పుడు గ్లాసు కడగలేకపోయాను. మందు వేసుకోవడం మొదలుపెట్టి ఏడు వారాలు గడిచాక భట్టీకి వెళ్ళగలిగాను. వరుస తిరగేసి చెప్తే, ఇంకో ఇంట్లో ఇంకో కోడలిని మందు లేకుండా చకలీలు చేయమంటారు. ఆ మాటే ఆమెతో అన్నాను, కొంచెం గట్టిగానే. ఆమె కాసేపు అలిగి, సాయంత్రం తనే మాత్ర, నీళ్ళు తెచ్చి ముందు పెట్టింది.

పండుగ అయిపోయాక ఏమవుతుందో ఎవరూ చెప్పరు. 23న భావుబీజ్‌కి, అంటే అన్నాచెల్లెళ్ళ పండుగకి, మా తమ్ముడు వచ్చి వెళ్ళాడు. మర్నాటి నుంచి మళ్ళీ కిందికి. లేవబుద్ధి కాదు, తలుపు తీయబుద్ధి కాదు, మూడింటి మెలకువ తిరిగొచ్చింది. వారం పైనే అలా ఉంది. అంతా మొదటికి వచ్చిందని ఏడ్చాను. నవంబర్ 10న డాక్టర్ అది మొదటికి రావడం కాదన్నారు. కోలుకునే దారిలో ఇలా ఎత్తుపల్లాలు ఉంటాయని, పండుగ రోజుల్లో నిద్ర చెడిపోవడం కూడా ఒక కారణమని చెప్పారు. నిద్ర మాత్రను మెల్లగా తగ్గించి ఆపుదామన్నారు. పొద్దున మాత్ర మాత్రం పూర్తిగా బాగయ్యాక కూడా కనీసం ఆరు నెలలు వేసుకోవాలట. వచ్చే దీపావళికి కూడా ఉండొచ్చా అని అడిగితే, ఉంటే ఉంటుంది అన్నారు.

తర్వాతి అపాయింట్‌మెంట్ డిసెంబర్ 8. ఈసారి మా ఆయన బయట కూర్చుంటానన్నాడు. గల్లీ చివర ఉండే క్రైస్తవుల కోడలు క్రిస్మస్‌కి కేకులు కాల్పించడానికి అదే భట్టీకి వెళ్తుంది, తోడు రమ్మని అడిగింది. తేదీ పడితే చెప్పమన్నాను.